లూకుల్లస్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

మీరు అడిగింది ఇది: రోమన్ ప్రభువు లూకుల్లస్ గురించి ఎక్కడ చదివినా విందులూ వైభోగాలే కనిపిస్తున్నాయి, మధ్యలో "మంచి సేనాని కూడా" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. అసలు ఈయన ఎలాంటి మనిషి? ఈ తిండిపోతు పేరు న్యాయంగా వచ్చిందేనా, లేక అతని ప్రత్యర్థి అయిన పాంపే అనే సేనాని వర్గం అంటగట్టిందా?

నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ప్రాచీన చరిత్ర పాఠాలు చెప్పాను. సీజర్ గురించి, పాంపే గురించి అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఉండేవాళ్లు. లూకుల్లస్ గురించి అడిగినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. విందులు నిజమే, ఎవరూ కల్పించలేదు. కానీ అవి అతని జీవితంలో చివరి పదేళ్ల సంగతి. అతని పతనం మొదలైంది భోజనాల గదిలో కాదు, అప్పుల లెక్కల దగ్గర. అతను చేసిన అతి మంచి పనే అతనికి శత్రువులను తెచ్చిపెట్టింది. అతని స్వభావంలో ఉన్న ఒక పెద్ద లోపం ఆ శత్రువుల పని సులువు చేసింది.

పూర్తి పేరు లూసియస్ లిసీనియస్ లూకుల్లస్. క్రీ.పూ. 118 ప్రాంతంలో పుట్టాడు. తాత క్రీ.పూ. 151లో కాన్సల్, అంటే ఏడాదికి ఇద్దరే ఎన్నికయ్యే రోమ్ అత్యున్నత పదవిలో ఉన్నవాడు. తల్లి మెటెల్లస్ వంశం ఆడపడుచు, కాబట్టి మేనమామల వైపు బలమూ ఉంది. తండ్రి మాత్రం సిసిలీలో బానిసల తిరుగుబాటును అణచడానికి వెళ్లి, తిరిగొచ్చాక ప్రభుత్వ సొమ్ము కాజేశాడన్న కేసులో శిక్షపడి దేశం విడిచిపోయాడు. కొడుకులిద్దరూ పెద్దవాళ్లు కాగానే, తండ్రిమీద ఆ కేసు వేసిన సెర్విలియస్ మీద ఎదురుకేసు వేశారు. కేసు ఓడిపోయారు. అయినా తండ్రి కోసం నిలబడ్డారని రోమ్‌లో జనం మెచ్చుకున్నారు. మనవాళ్లకు ఇది వెంటనే అర్థమయ్యే విషయం. ఈ అన్నదమ్ముల అనుబంధం చివరిదాకా అలాగే ఉంది. తమ్ముడు మార్కస్‌కు అర్హత వయసు వచ్చేదాకా లూకుల్లస్ పదవికి పోటీ చేయకుండా ఆగాడు. క్రీ.పూ. 79లో ఇద్దరూ కలిసి నగర నిర్వహణ, ఉత్సవాలు చూసే ఈడైల్ పదవికి ఎన్నికయ్యారు.

చదువులో దిట్ట. లాటిన్‌తో సమానంగా గ్రీకు మాట్లాడగలడు, రాయగలడు. ఇటలీలోని మిత్రరాజ్యాలు రోమ్ మీద తిరగబడ్డ యుద్ధం గురించి గ్రీకులో చరిత్ర రాశాడు. అది మనదాకా రాలేదు.

అతన్ని పైకి తెచ్చింది సుల్లా, తర్వాత రోమ్‌కు నియంత అయిన సేనాని. క్రీ.పూ. 88లో సుల్లా తన సైన్యంతో సొంత నగరం రోమ్ మీదికే నడిచినప్పుడు అధికారులంతా అతన్ని వదిలి వెళ్లిపోయారనీ ఒక్క క్వెస్టర్ (ఖజానా లెక్కలు చూసే అధికారి) మాత్రం వెంట నిలిచాడనీ చరిత్రలో ఉంది. ఆ ఒక్కడూ లూకుల్లసేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సుల్లా తన ఆత్మకథను ఇతనికే అంకితమిచ్చాడు. చనిపోతూ కొడుకు సంరక్షణ బాధ్యత కూడా పాంపేను కాదని ఇతనికే అప్పగించాడు. పాంపేకు ఇతనిమీద మంట అక్కడినుంచే.

ఈ విధేయత అన్నివేళలా మంచి చేయలేదని కూడా చెప్పాలి. క్రీ.పూ. 85లో, నల్లసముద్రం దక్షిణ తీరాన పాంటస్ రాజ్యాన్ని ఏలే మిత్రిదాతీస్‌ను పితానె అనే ఊళ్లో ఫింబ్రియా అనే రోమన్ సేనాని దిగ్బంధం చేశాడు. సముద్రం వైపు దారి మూయమని నౌకాదళంతో దగ్గర్లోనే ఉన్న లూకుల్లస్‌కు కబురు పంపాడు. ఫింబ్రియా సుల్లాకు శత్రువు కాబట్టి లూకుల్లస్ కదల్లేదు. రాజు ఓడెక్కి తప్పించుకున్నాడు. అదే రాజుతో లూకుల్లస్ తర్వాత ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. నన్నడిగితే అతని జీవితంలో అసలైన మచ్చ ఇది.

ఇక అప్పుల సంగతికి వస్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆసియా అని రోమన్లు పిలిచిన ప్రాంతం ఇప్పటి టర్కీ పశ్చిమ భాగం. ఆ ఊళ్లు మిత్రిదాతీస్ పక్షాన నిలిచినందుకు శిక్షగా సుల్లా 20,000 టాలెంట్ల జరిమానా వేశాడు. టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి, కాబట్టి మొత్తం 500 టన్నులు దాటుతుంది. ఊళ్ల దగ్గర అంత వెండి ఎక్కడిది? రోమన్ వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేశారు. ఆ వ్యాపారులు వడ్డీని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేశారు. మనం చక్రవడ్డీ అంటామే, అదే. పదిహేనేళ్లు తిరిగేసరికి ఊళ్లు 40,000 టాలెంట్లు కట్టేశాయి, అంటే జరిమానాకు రెట్టింపు. అయినా ఇంకా 1,20,000 టాలెంట్లు బాకీ ఉన్నట్టు లెక్క చూపించారు!

లూకుల్లస్ జీవితచరిత్ర రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇక్కడ రాసింది చదివితే కడుపు తరుక్కుపోతుంది. తండ్రులు కొడుకుల్నీ కూతుళ్లనీ అమ్ముకున్నారు. ఊళ్లు గుడి విగ్రహాలు అమ్ముకున్నాయి. అమ్మడానికి ఏమీ లేనివాళ్లు తామే బానిసలయ్యారు. దానికి ముందు చిత్రహింసలు. ఎండాకాలంలో ఎర్రటి ఎండలో, చలికాలంలో బురదలో, మంచులో గంటల తరబడి నిలబెట్టేవాళ్లు. దానికంటే బానిసత్వమే నయం అనిపించేదట.

మిత్రిదాతీస్‌తో యుద్ధం కోసం వచ్చిన లూకుల్లస్, క్రీ.పూ. 71-70 చలికాలంలో ఈ వ్యవహారం చేతికి తీసుకున్నాడు. నాలుగు నియమాలు పెట్టాడు. వడ్డీ నెలకు నూటికి ఒకటి దాటకూడదు, అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ. వడ్డీ పెరిగి అసలును మించిపోయి ఉంటే ఆ మించిన భాగం రద్దు. అప్పిచ్చినవాడు బాకీదారు ఆదాయంలో నాలుగో వంతుకు మించి తీసుకోకూడదు. వడ్డీని అసలులో కలిపినవాడికి వడ్డీతో పాటు అసలు కూడా పోతుంది. ఇంత సూటిగా, చదువురాని రైతుకు కూడా అర్థమయ్యేలా నియమాలు రాసిన రోమన్ పాలకులు తక్కువ. నాలుగేళ్లు నిండకుండానే అప్పులన్నీ తీరాయి. తాకట్టు పడిన ఆస్తులు సొంతదారుల చేతికి తిరిగొచ్చాయి.

ఇక్కడ నష్టపోయింది ఎవరో చూడండి. ఆసియాలో డబ్బు తిప్పే వ్యాపారులు, పన్ను వసూళ్ల గుత్తేదార్లు. వీళ్లు రోమ్‌లో మామూలు మనుషులు కారు. పలుకుబడి వీళ్లది, ఎన్నికల్లో ఖర్చుపెట్టే డబ్బు వీళ్లది, సగం నాయకులు వీళ్లకు బాకీ. లూకుల్లస్ మాకు అన్యాయం చేశాడని రోమ్‌లో గగ్గోలు పెట్టారు. డబ్బిచ్చి, సామాన్యుల తరఫున ఎన్నికయ్యే ప్రజా ట్రిబ్యూన్లను అతనిమీదికి ఉసిగొల్పారు. యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నాడు, సొంత ఖజానా నింపుకోవడానికే ఊరూరా తిరుగుతున్నాడు అన్న మాట పుట్టింది ఇలాగే. విందుల కథలకు ఇంకా ఎంతో కాలం ఉంది. దురాశపరుడన్న ముద్ర మాత్రం అప్పటికే పడిపోయింది.

సేనానిగా ఎలాంటివాడు? నా దృష్టిలో ఆ తరంలో సీజర్ తర్వాత ఇతనే. క్రీ.పూ. 74లో కాన్సల్ అయి తూర్పు యుద్ధం సంపాదించుకున్నాడు. సిజికస్ నగరాన్ని మిత్రిదాతీస్ పెద్ద సైన్యంతో ముట్టడిస్తే, లూకుల్లస్ ఎదురుపడి పోరాడలేదు. ఆ సైన్యానికి తిండి వచ్చే దారి మూసేసి కూర్చున్నాడు. చలికాలం వచ్చింది, ఆకలి వచ్చింది, రోగాలు వచ్చాయి. ముట్టడించినవాళ్లే ముట్టడిలో పడ్డట్టయింది. తర్వాత పాంటస్‌లోకి చొచ్చుకుపోయి కబీరా దగ్గర రాజును తరిమాడు. పారిపోతున్న రాజు దాదాపు చేతికి చిక్కినట్టే చిక్కాడు. అంతలో బంగారం మోస్తున్న ఒక కంచరగాడిద అడ్డం వచ్చింది. సైనికులు రాజును వదిలేసి బంగారం కోసం కొట్టుకున్నారు. రాజు వెళ్లిపోయాడు.

అమీసస్ అనే గ్రీకు నగరం పడిపోయినప్పటి సంగతి నాకు మరీ ఇష్టం. దాన్ని కాపాడుతున్న శత్రు సేనాని పారిపోతూ ఊరికి నిప్పు పెట్టాడు. మంటలార్పండని లూకుల్లస్ వేడుకున్నా అతని సైనికులు దోపిడీలోనే మునిగిపోయారు. మర్నాడు బూడిదైన ఊరు చూసి అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏథెన్స్‌ను కాపాడగలిగిన సుల్లా అదృష్టవంతుడనీ, తనకు మాత్రం కొరింథ్‌ను నాశనం చేసిన ముమ్మియస్ పేరు మిగిలిందనీ బాధపడ్డాడు. తర్వాత తను అక్కడ ఉండగానే ఆ ఊరు చాలావరకు మళ్లీ కట్టించి, పారిపోయినవాళ్లను పిలిపించి, భూములు ఇచ్చాడు.

క్రీ.పూ. 69లో యూఫ్రటీస్ దాటి ఆర్మేనియా రాజు తిగ్రానీస్ మీదికి వెళ్లాడు. తిగ్రానోకెర్టా దగ్గర రోమన్ల చిన్న దండును చూసి ఆ రాజు, "రాయబారులుగా వచ్చారంటే మరీ ఎక్కువమంది, సైన్యంగా వచ్చారంటే మరీ తక్కువమంది" అన్నాడట. ఆ రోజు అక్టోబరు 6. క్రీ.పూ. 105లో సరిగ్గా అదే తేదీన కింబ్రీలనే ఉత్తరాది తెగ చేతిలో రోమన్ సైన్యం ఊచకోతకు గురైంది. అందుకే అది రోమన్లకు చెడ్డరోజు. ఈరోజు వద్దని అధికారులు చెబితే, ఈ రోజును కూడా రోమన్లకు మంచిరోజుగా మారుస్తానని నదిలోకి దిగాడు. ఇనుప కవచాలతో నిండిన గుర్రపు దళాన్ని వెనకవైపు కొండమీది నుంచి కొట్టాడు. కవచం కప్పని కాళ్లమీద, తొడలమీద కొట్టమన్నాడు. గెలిచాడు. శత్రువులు లక్షమందికి పైగా చచ్చారు, రోమన్లు అయిదుగురే చచ్చారు అన్న అంకెలు నమ్మక్కర్లేదు. గెలుపు మాత్రం తిరుగులేనిది. ఆ నగరాన్ని నింపడానికి తిగ్రానీస్ బలవంతంగా తెచ్చిపెట్టిన గ్రీకులకు దారిఖర్చులిచ్చి సొంత ఊళ్లకు పంపించాడు.

ఇంత గెలిచినవాడు చివరికి ఎందుకు ఓడిపోయాడు? నేను చెప్పిన ఆ లోపం ఇదే. అతనికి సైనికులతో కలవడం రాదు. వాళ్ల బాధ పట్టించుకునేవాడు కాదు, భుజం తట్టి ఒక మంచి మాట అనేవాడు కాదు. తనతో సమానమైన ప్రభువులతో కూడా అంతే. తన ముందు మిగతావాళ్లంతా తక్కువవాళ్లే అన్నట్టు ఉండేవాడు. అతని దగ్గరున్న కొన్ని దళాలు క్రీ.పూ. 86లో ఫింబ్రియాతో పాటు వచ్చినవి. ఇరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా ఇంటి మొహం చూడలేదు. చలికాలాలన్నీ గుడారాల్లోనే గడిపించాడు. లూకుల్లస్ భార్య క్లోడియా తమ్ముడు పబ్లియస్ క్లోడియస్ ఆ శిబిరంలోనే ఉండి వీళ్లను బావగారి మీదికి రెచ్చగొట్టాడు. పాంపే సైనికులు అప్పుడే పొలాలతో, పెళ్లాం పిల్లలతో స్థిరపడ్డారు, మీరు మాత్రం లూకుల్లస్ బంగారం మోసే ఒంటెలకు కాపలా కాస్తున్నారు అన్నాడు. ఆ మాట వాళ్లకు తగిలింది. ఎందుకంటే అందులో నిజం ఉంది.

ఆర్మేనియాలో ముందుకు నడవమంటే సైన్యం మొండికేసింది. క్రీ.పూ. 67లో జేలా దగ్గర అతని ఉపసేనాని ట్రయేరియస్ తొందరపడి యుద్ధానికి దిగి 7,000 మందిని పోగొట్టుకున్నాడు. లూకుల్లస్ గుడారం గుడారానికీ తిరిగి, కన్నీళ్లతో, చేతులు పట్టుకుని బతిమాలాడు. సైనికులు ఖాళీ డబ్బుసంచులు అతని కాళ్ల దగ్గర విసిరేసి, శత్రువుల సొమ్ముతో ధనవంతుడు కావడం నీ ఒక్కడికే తెలుసు కదా, నువ్వొక్కడివే పోరాడుకో అన్నారు.

క్రీ.పూ. 66లో అతని స్థానంలో పాంపేను పంపుతూ చట్టం వచ్చింది. దాన్ని సమర్థిస్తూ రోమన్ నాయకుడు, వక్త సిసెరో చేసిన ప్రసంగం మనకు పూర్తిగా దొరుకుతుంది, తప్పకుండా చదవండి. అందులో లూకుల్లస్‌ను గౌరవంగానే పొగుడుతాడు. కానీ వాదన బలం ఎక్కడుందో చూడండి. ఆసియా పన్నుల మీద రోమ్ బతుకుతోంది, అక్కడ పన్ను గుత్తేదార్ల పెట్టుబడులున్నాయి, అవి మునిగితే రోమ్‌లో పరపతి కుప్పకూలుతుంది అంటాడు. పాంపేకు బలంగా నిలిచింది అదే డబ్బున్న వర్గం.

గలేషియాలో ఇద్దరు సేనానులూ కలిశారు. మర్యాదగా మొదలై తిట్లతో ముగిసింది. పాంపే ఇతన్ని డబ్బు పిచ్చోడన్నాడు. ఇతను పాంపేను, వేరేవాళ్లు చంపిన శవాలమీద వాలే రాబందు అన్నాడు. కోపంలో అన్నమాటే అయినా సరిగ్గా తూచి అన్నాడని నాకనిపిస్తుంది, ఎందుకంటే మిత్రిదాతీస్ బలమంతా పోయింది లూకుల్లస్ చేతుల్లోనే. పాంపే అతనికి కేవలం 1,600 మంది సైనికుల్ని వదిలి మిగతావాళ్లను తీసుకున్నాడు. రోమ్‌కు వచ్చాక విజయోత్సవం కూడా ఏళ్లపాటు అడ్డుకున్నారు. అది క్రీ.పూ. 63లో గానీ జరగలేదు.

ఇక మీరు అడిగిన విందులు. పాంపే, సిసెరో ఒకసారి బజారులో లూకుల్లస్‌కు ఎదురుపడి, ఈరోజు మీ ఇంట్లో నీకోసం ఏది వండారో అదే మాకూ పెట్టు, నౌకర్లకు ముందుగా ఏమీ చెప్పొద్దు అన్నారు. సరే, ఏ గదిలో తింటానో ఒక్కటి చెప్పనివ్వండి అని "అపోలోలో" అన్నాడు. అతని ఇంట్లో ఒక్కో గదికి ఒక్కో ఖర్చు లెక్క ఉంది. అపోలో గది అంటే 50,000 డ్రాక్మాల (గ్రీకు వెండి నాణేల) భోజనం. ఇంకోరోజు అతిథులెవరూ లేరని వంటవాడు మామూలు భోజనం పెడితే, "ఈరోజు లూకుల్లస్ లూకుల్లస్‌తో భోంచేస్తున్నాడని తెలీదా?" అని మందలించాడు.

ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు. నేను మాత్రం క్లాసులో పిల్లలతో ఒక భాగారం చేయించేవాణ్ణి. తిగ్రానోకెర్టా గెలిచాక ఒక్కో సైనికుడికి లూకుల్లస్ ఇచ్చింది 800 డ్రాక్మాలు. అపోలో గదిలో ఒక పూట భోజనం ఖర్చు 62 మంది సైనికుల బహుమానంతో సమానం. ఆ ఖాళీ సంచులు విసిరినవాళ్ల కోపం అప్పుడు అర్థమవుతుంది.

సముద్రపు నీళ్లు చేపల చెరువుల్లోకి రావడానికి నేపుల్స్ దగ్గర కొండ తొలిపించాడు. ఆ కట్టడాలు చూసి ట్యూబెరో అనే తత్త్వవేత్త ఇతన్ని "టోగా కట్టిన జెర్క్సీస్" అన్నాడు, అంటే రోమన్ బట్టలు కట్టిన పర్షియా చక్రవర్తి అని. చేపల చెరువుల మోజులో రాజ్యం సంగతి వదిలేసిన ప్రభువులను సిసెరో తన ఉత్తరాల్లో ఏకిపారేశాడు. అది న్యాయమైన ఫిర్యాదు. సెనేట్‌కు అనుభవజ్ఞులు బాగా అవసరమైన ఏళ్లలో ఇతను పక్కకు తప్పుకున్నాడు. క్రీ.పూ. 59లో తూర్పులో పాంపే చేసిన ఏర్పాట్లను వ్యతిరేకించబోతే సీజర్ కేసుల బెదిరింపు పెట్టాడు, లూకుల్లస్ అతని మోకాళ్లమీద పడ్డాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు.

అయితే అదే ఇంట్లో గ్రంథాలయం కూడా ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు. తూర్పు నుంచి తెచ్చినవీ తర్వాత సేకరించినవీ కలిపి ఎన్నో పుస్తకాలు పెట్టి, తలుపులు అందరికీ తెరిచాడు. చుట్టూ వసారాలు, చదువుకునే గదులు. రోమ్‌కు వచ్చిన గ్రీకులు సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చేవాళ్లు. సిసెరో తన తత్త్వగ్రంథం ఒకదానిలో, రోమ్ దగ్గరి టస్కులమ్‌లోని లూకుల్లస్ గ్రంథాలయానికి పుస్తకం కోసం వెళితే అక్కడ కేటో అనే సెనేటర్ పుస్తకాల మధ్య కూర్చుని కనిపించాడని రాశాడు. చెర్రీ చెట్టు పాంటస్ నుంచి ఇటలీకి వచ్చింది ఇతని చేతుల మీదుగానే అని రోమన్ రచయిత ప్లీనీ అంటాడు.

చివరి రోజుల్లో మతి చలించింది. ఆస్తి వ్యవహారాలు తమ్ముడు మార్కస్ చూశాడు. క్రీ.పూ. 57-56 ప్రాంతంలో చనిపోయాడు. శవయాత్రకు జనం విరగబడి వచ్చి, సుల్లాను సమాధి చేసిన మార్స్ మైదానంలోనే ఇతన్నీ సమాధి చేయాలని పట్టుబట్టారు. తమ్ముడు బతిమాలి టస్కులమ్ తీసుకెళ్లాడు. కొద్ది కాలానికే తనూ పోయాడు.

కాబట్టి పాంపే వర్గం అంటగట్టిందా అంటే, దురాశ, యుద్ధం సాగదీత అన్న నిందల వరకు అవును, దానికి వెనక వడ్డీ వ్యాపారుల డబ్బు ఉంది. తిండి, విలాసం అన్న పేరు మాత్రం అతను స్వయంగా సంపాదించుకున్నదే. ఈ రెండు పేర్లూ కలిసిపోయి మధ్యలో ఆసియా ఊళ్లకు చేసిన మేలు కనబడకుండా పోయింది.

ప్లూటార్క్ సొంత ఊరు కెరోనియా ఒకప్పుడు హత్యకేసులో ఇరుక్కుంటే, లూకుల్లస్ నిజం చెప్పి ఊరిని కాపాడాడు. ఊరివాళ్లు బజారులో అతని పాలరాతి విగ్రహం పెట్టారు. ఆ రుణం తీర్చుకోవడానికే అతని జీవితం రాస్తున్నానని ప్లూటార్క్ చెప్పుకున్నాడు. తప్పులు దాచనని కూడా ముందే చెప్పాడు. ఆ పుస్తకం సంపాదించండి. అందరూ ఎత్తిచెప్పే అపోలో గది కథ 41వ అధ్యాయంలో ఉంది. మీరు మాత్రం ముందు 20వ అధ్యాయం తెరవండి. అప్పుల సంగతి అక్కడుంది.